గాజు మెడ మీది గీతలు

గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే రోడ్డు మీద సత్తెనపల్లిలో ఏ పెట్రోలు బంకులోకి బండి తిప్పినా, రేటు పక్కన ఇంకో అంకె రాసి ఉంటుంది. పెట్రోలుకు ఏడు వందల నలభై చిల్లర, డీజిలుకు ఎనిమిది వందల ఇరవై చిల్లర. దాని పేరు డెన్సిటీ, మన పాఠ్యపుస్తకాల్లో సాంద్రత. ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్నది ఆ అంకె. రేటు అందరూ చూస్తారు, మీటరు సున్నాకు వచ్చిందో లేదో చూస్తారు, ఈ అంకె జోలికి మాత్రం ఎవరూ పోరు. బంకువాళ్లు దాన్ని రోజూ కొలిచి రాయాలి, అడిగితే మన కళ్ల ముందు కొలిచి చూపించాలి. అందుకు ఆఫీసు గదిలో ఒక పెట్టె ఉంటుంది. అందులో అర లీటరు పట్టే గాజు జాడీ, థర్మామీటరు, అంకెలతో కిక్కిరిసిన పట్టిక, మెత్తగా పొదిగిపెట్టిన రెండు మూడు గాజు హైడ్రోమీటర్లు. ఆ పెట్టెలో నాకు ముచ్చటైనది ఈ చివరి వస్తువు.

చేతిలోకి తీసుకుంటే అందులో ఏమీ లేనట్టే ఉంటుంది. కింద బొద్దుగా ఒక పొట్ట, దాని అడుగున సీసపు గుళ్లు, పైన సన్నని పొడుగాటి మెడ, మెడ లోపల చుట్టి దూర్చిన కాగితం, కాగితం మీద గీతలు. అంతే. స్ప్రింగు లేదు, ముల్లు లేదు, ఇరుసు లేదు, బ్యాటరీ లేదు. అరగడానికీ తుప్పు పట్టడానికీ ఏమీ లేదు. పగలనంతకాలం చేసిన రోజున చెప్పిన మాటే చెబుతుంది. ఇంత తక్కువ సరంజామాతో మూడంకెల కచ్చితత్వం రాబట్టిన పనితనం మన చుట్టూ ఎక్కడుందో వెతికితే పెద్దగా దొరకదు.

సూత్రం ఆర్కిమెడీస్‌ది, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటిది. తేలే వస్తువు తన బరువెంతో సరిగ్గా అంత బరువున్న ద్రవాన్ని పక్కకు నెడుతుంది. ముప్పై గ్రాముల హైడ్రోమీటరును నీళ్లలో వేస్తే ముప్పై గ్రాముల నీటిని, పాలలో వేస్తే ముప్పై గ్రాముల పాలను నెడుతుంది. బరువు మారదు, ఆ బరువుకు పట్టే చోటు మారుతుంది. ద్రవం తేలికైనదైతే ముప్పై గ్రాములకు ఎక్కువ చోటు కావాలి, అందుకని పరికరం లోతుకు దిగుతుంది. బరువైన ద్రవమైతే కొంచెం దిగేసరికే లెక్క సరిపోతుంది. ఇక్కడ చిక్కదనంతో పనిలేదు. వేరుశెనగ నూనె నీళ్లకంటే ఎంతో చిక్కన, అయినా నీళ్ల మీద తేలుతుంది. ఈ గాజు వస్తువుకు తెలిసింది ఒక్కటే ప్రశ్న: ఇంత చోటులో ఎంత బరువు?

మన తొమ్మిదో తరగతి పుస్తకంలో ‘తేలియాడే వస్తువులు’ పాఠం చదివినవాళ్లు దీన్ని ఒకసారి స్వయంగా చేసే ఉంటారు. సిరా అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌ను, లోహపు మొన కిందికి ఉండేలా పరీక్షనాళికలోని నీళ్లలో వదలడం, ఎంతవరకు మునిగిందో గీత పెట్టుకోవడం, తర్వాత పాలలో వదిలి గీత ఎక్కడికొచ్చిందో చూడడం. పైసా ఖర్చు లేని లాక్టోమీటరు, అంటే పాలు కొలిచే హైడ్రోమీటరు. రాసినవాళ్లెవరో గాని చేయి తిరిగినవాళ్లు. అడుగున బరువుండాలి, లోపల బోలుగా ఉండాలి, కాడ సన్నగా ఉండాలి అనే మూడు షరతులూ ఆ పారేసే రీఫిల్‌లో ముందే ఉన్నాయి. దానికి లేనిది పొట్ట ఒక్కటే. ఆ లోటు ఎంతటిదో లెక్క వేస్తే తెలుస్తుంది. పాలు నీళ్లకంటే మూడు శాతం బరువు. నీళ్లలో పది సెంటీమీటర్లు మునిగిన రీఫిల్ పాలలో మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. నీళ్లా పాలా అని చెప్పడానికి అది చాలు. పాలలో నీళ్లెన్ని అని తేల్చడానికి చాలదు.

ఇప్పుడు డెయిరీ లాక్టోమీటరు చూడండి. ముప్పై గ్రాములదే అనుకుందాం. నీళ్లలో ముప్పై మిల్లీలీటర్ల మేర మునుగుతుంది, నీళ్లను 1 అనుకుంటే 1.030 సాంద్రత ఉన్న పాలలో 29.13 మిల్లీలీటర్ల మేర. తేడా 0.87 మిల్లీలీటరు. ఆ కాస్త తేడా అంతా మెడ మీదే కనిపించాలి. మెడ మందం పది మిల్లీమీటర్లుంటే గీత ఒక సెంటీమీటరు పైచిలుకు జరుగుతుంది. అయిదు మిల్లీమీటర్లే ఉంటే నాలుగున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. అదే గ్లాసెడు నీళ్లు పళ్లెంలో పోస్తే అడుగు మాత్రమే తడుస్తుంది, సన్నని గొట్టంలో పోస్తే మూరెడు లేస్తుంది, ఇదీ అంతే. మందం సగం చేస్తే చూపు నాలుగు రెట్లు పదునెక్కుతుంది. చోటంతా పొట్ట ఆక్రమించుకుంటుంది, చదవడం మెడకు వదిలేస్తుంది. రెండు పనులనూ ఇలా విడదీయడమే ఈ పరికరంలోని తెలివి.

ఈ తెలివి ఎవరికి మొదట తట్టిందో గాని చాలా పాతది. క్రీస్తుశకం 400 ప్రాంతంలో సినేసియస్ అనే ఆయన అలెగ్జాండ్రియాలోని గణితవేత్త హైపేషియాకు ఉత్తరం రాస్తూ, తనకొక ‘హైడ్రోస్కోపు’ చేయించి పంపమని అడుగుతాడు. పిల్లనగ్రోవి అంత గొట్టం, దాని పొడుగునా గంట్లు, అడుగున శంకువు ఆకారపు బరువు ఉండాలని వివరంగా చెబుతాడు. 1121లో అల్ ఖాజినీ తన తూనికల గ్రంథంలో ఇలాంటి పరికరాన్నే వర్ణించాడు. గంట్ల మధ్య దూరాలు ఎలా లెక్కించాలో కూడా రాశాడు. ఆ దూరాల సంగతికి మళ్లీ వస్తాను, అసలు కిటుకు అక్కడే ఉంది.

మెడను ఇంకా సన్నం చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు. కానీ మెడ సన్నబడేకొద్దీ అదే తేడాకు గీత మరింత దూరం జరుగుతుంది. నీళ్ల నుంచి బెల్లం పానకం దాకా ఒకే పరికరంతో కొలవాలంటే బారెడు మెడ కావాలి. అది జాడీలో పట్టదు, నిటారుగా నిలవదు, విరగక మానదు. అందుకే తయారీదారులు పరిధిని ముక్కలు చేశారు. బంకు పెట్టెలో రెండు మూడు హైడ్రోమీటర్లు ఎందుకంటే ఇందుకే. ఒకటి 700 నుంచి 750 దాకా, ఇంకొకటి 750 నుంచి 800, డీజిలుకు 800 నుంచి 850. ఒక్కోటి తన యాభై యూనిట్లకే కట్టుబడి ఉంటుంది. బ్రిటన్‌లో సారాయి పన్ను వేయడానికి 1816 చట్టం ఆమోదించిన సైక్స్ హైడ్రోమీటరు ఇదే చిక్కును ఇంకో దారిన విప్పింది. ఇత్తడి పొట్ట, పొట్టి మెడ, మెడ మీద 0 నుంచి 10 దాకా గీతలు, పక్కన 10 నుంచి 90 దాకా అంకెలు చెక్కిన తొమ్మిది చిన్న బరువులు. ద్రవాన్ని బట్టి ఒక బరువు కిందికి తగిలిస్తే చాలు, ఆ పొట్టి మెడే మళ్లీ మొదటి నుంచి పనికొస్తుంది. మన దేశంలోనూ ఎక్సైజు వాళ్ల చేతుల్లో చాలాకాలం ఆ ఇత్తడి పెట్టెలే ఉండేవి. దాన్ని మెచ్చుకుంటాను గాని నా ఓటు గాజుకే. ఇత్తడికి సొట్ట పడితే ఘనపరిమాణం మారిపోతుంది, పైకి మాత్రం బాగానే ఉన్నట్టు కనబడుతుంది. గాజు సొట్ట పడదు. ఉంటే సరిగ్గా ఉంటుంది, లేకపోతే పగిలి ఉంటుంది.

పూర్తిగా అలాగేం కాదు. అడుగున ఎక్కడైనా చిన్న పెచ్చు లేచిందనుకోండి, అది పగలడం కింద లెక్కకు రాదు, తేలడం తేలుతూనే ఉంటుంది. కానీ ముప్పై గ్రాముల పరికరంలో ముప్పై మిల్లీగ్రాములు తగ్గితే 1.030ని 30గా చూపే లాక్టోమీటరు మీద దాదాపు ఒక గీత తప్పు. అంచు ఒరిసిన హైడ్రోమీటరు అబద్ధం చెబుతుంది, అదీ రోజూ ఒకేలా చెబుతుంది.

తయారీ విషయానికొస్తే, ప్రయోగశాల గాజు సామాను మన దేశంలో ఎక్కువగా అంబాలా నుంచి వస్తుంది. గాజు గొట్టాన్ని మంట మీద తిప్పుతూ పొట్ట ఊది, దానికి సన్నని గొట్టాన్ని మెడగా అతుకుతారు. ఆ అతుకు దగ్గర చూడాల్సింది ఉంది. భుజం జారుగా ఉండాలి. గుంటగాని మెట్టుగాని ఉంటే అక్కడ గాలి బుడగలు పట్టుకుంటాయి, ఒక్కో బుడగా పరికరాన్ని కాస్త పైకి లేపుతుంది. అడుగున సీసపు గుళ్లు పోసి, కదలకుండా మైనమో లక్క లాంటి జిగురో కరిగించి పోస్తారు. బరువు అడుగున ఉంటేనే పరికరం నిటారుగా నిలుస్తుంది, గుళ్లు ఒక పక్కకు ఒరిగితే మెడ వాలుతుంది, వాలిన మెడ మీద చదివిన అంకెకు విలువ లేదు. ఇంతవరకూ మెడ పైకొస తెరిచే ఉంటుంది. సాంద్రత తెలిసిన ద్రవాల్లో తేల్చి ఎక్కడెక్కడ నిలిచిందో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తులకు సరిపోయేలా గీతల కాగితాన్ని లోపల అంటించి, అప్పుడు కొస కరిగించి మూస్తారు. మూసేటప్పుడు గాజు కలవకూడదు, తరగకూడదు. పైన చెప్పిన ముప్పై మిల్లీగ్రాముల లెక్క ఇక్కడా వర్తిస్తుంది. తర్వాత ఎప్పుడైనా జిగురు వదిలి కాగితం జారితే? కొన్నిటిలో దీనికీ మందు ఉంటుంది: కాగితం మీది ఒక గీతకు ఎదురుగా గాజు మీద కూడా చిన్న గుర్తు గీస్తారు. రెండూ తప్పుకున్నాయంటే పరికరాన్ని పక్కన పెట్టేయాలి. తన మీద తనే నిఘా పెట్టుకున్న పనిముట్టు.

ఇక గీతలు. తేలికైన ద్రవంలో లోతుకు దిగుతుంది కాబట్టి చిన్న అంకె పైన, పెద్ద అంకె కింద. ఇది అందరూ గమనిస్తారు. గమనించనిది గీతల ఎడం. 700 నుంచి 750 దాకా ఉన్న పెట్రోలు హైడ్రోమీటరును వెలుతురుకు పట్టి చూడండి, పైనున్న గీతలు కాస్త ఎడంగా, కిందికి వచ్చేకొద్దీ దగ్గరగా ఉంటాయి. 700 దగ్గర ఒక యూనిట్ పొడవు 750 దగ్గరి యూనిట్ కంటే దాదాపు 15 శాతం ఎక్కువ. మునిగే ఘనపరిమాణం సాంద్రతకు విలోమంగా మారుతుంది గనుక గీతలు సమానంగా రావడానికి వీల్లేదు. ప్రతి గీత చోటూ విడిగా లెక్కించి వేయాలి. అల్ ఖాజినీ గంట్ల దూరాలు ఎలా లెక్కించాలో రాయాల్సి వచ్చింది ఇందుకే. స్కేలు పట్టి సమానంగా కొట్టిన గీతలు కనిపిస్తే ఆ పరికరాన్ని కొట్లోనే వదిలేయడం మేలు.

సమానమైన గీతలతోనే నిజం చెప్పేది ఒకటుంది, దాన్ని చూడాలంటే మన జిల్లా దాటి సముద్రం వైపు పోవాలి. చినగంజాం ఉప్పు కొఠార్లు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలోనివే, తర్వాత ప్రకాశంలోకి, 2022 నుంచి బాపట్లలోకి వచ్చాయి. అక్కడ వాడేది బామే హైడ్రోమీటరు. ఆంటువాన్ బామే పారిస్‌లో మందుల తయారీదారు. 1768లో ఆయన చేసిన పని చాలా సులువైనది: మంచినీళ్లలో నిలిచినచోట 0 పెట్టాడు, నూటికి పదిహేను పాళ్లు ఉప్పు కలిపిన నీళ్లలో నిలిచినచోట 15 పెట్టాడు, మధ్య దూరాన్ని పదిహేను సమభాగాలు చేశాడు, అదే ఎడంతో కిందికి పొడిగించాడు. రెండు చోట్ల తేల్చి చూస్తే మిగిలిందంతా స్కేలు పని. సాంద్రత తెలియాలంటే తర్వాత మార్చుకోవాలి గాని, చేసేవాడికి ఇంతకంటే తేలిక లేదు. శాస్త్రవేత్తలు ఈ డిగ్రీలను ఎప్పుడో మూలన పడేశారు. పనిచేసేవాళ్లు వదల్లేదు, వాళ్లే సరైనవాళ్లని నా ఉద్దేశం. ఉప్పుతో గీసిన స్కేలు ఉప్పు మళ్లలో అతికినట్టు సరిపోతుంది కదా.

సముద్రపు నీరు మడిలోకి వచ్చేటప్పుడు మూడు, మూడున్నర డిగ్రీలు. మడి నుంచి మడికి మారుస్తూ ఎండలో ఇంకబెడితే పెరుగుతూ పోతుంది. ముందు సున్నం జాతి లవణాలు దిగుతాయి, జిప్సం దిగుతుంది. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఉప్పు కట్టడం మొదలవుతుంది, అంటే అప్పటికి ఆ నీరు మంచినీళ్లకంటే అయిదో వంతు పైచిలుకు బరువు. ముప్పై డిగ్రీల దగ్గరికి చేరకముందే మిగిలిన నీటిని వదిలేయాలి. అత్యాశకు పోయి ఉంచితే మెగ్నీషియం లవణాలు కూడా దిగి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పట్టి నీరు కారుతుంది. తీయగలిగిన ఉప్పంతా ఆ నాలుగైదు గీతల మధ్యే ఉంది. ఏ మడిలో నీరు ఏ మెట్టు మీద ఉందో ఆకాశాన్ని చూసి చెప్పలేం, నాలుకతో చెప్పలేం. అంత ఉప్పులో నాలుకకు ఇరవై అయినా ముప్పై అయినా ఒకటే.

ఇంతవరకు తయారీ. సరైన పరికరం చేతికొచ్చాక సగం పని మనది, ఆ సగంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మెడ చుట్టూ ద్రవం అంచును దగ్గరగా చూడండి. నీళ్లు గాజును పట్టుకుని కొద్దిగా పైకి పాకి ఉంటాయి. ఆ పాకిన నీటి బరువు కూడా హైడ్రోమీటరు మీదే పడుతుంది. అయిదు మిల్లీమీటర్ల మెడ మీద అది దాదాపు 0.11 గ్రాము. పాలకు తలతన్యత తక్కువ కాబట్టి 0.08 వరకు. తయారీదారు దీన్ని కూడా లెక్కలో వేసుకునే గీతలు పెడతాడు. ఇప్పుడు వేళ్లకున్న వెన్న జిడ్డు మెడకు అంటిందనుకోండి. ద్రవం గాజును పట్టుకోదు, పైకి పాకదు. ఆ బరువు తగ్గినంత మేర పరికరం పైకి తేలుతుంది. మరీ జిడ్డు పట్టిన మెడ అయితే లాక్టోమీటరు రెండు గీతల పైన ఎక్కువ చూపించగలదు. తొమ్మిది లీటర్ల పాలలో లీటరు నీళ్లు కలిపితే 29 ఉండాల్సింది 26కు దిగుతుంది. అంటే కలిపిన నీళ్లలో చాలా భాగాన్ని ఒక జిడ్డు వేలు కప్పిపుచ్చగలదు. అందుకే తెలిసినవాళ్లు దాన్ని మెడ పైకొస దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంటారు, మెల్లగా దించుతారు, నిలిచేచోటికి వచ్చాక వదిలి, గిర్రున చిన్నగా తిప్పుతారు. తిప్పితే బుడగలు ఊడతాయి, జాడీ గోడకు అంటకుండా మధ్యలో నిలుస్తుంది. విసురుగా పడేస్తే మెడంతా తడిసి, ఆ తడి బరువుతో తక్కువ చూపిస్తుంది. పెట్రోలు పారదర్శకం కాబట్టి కంటిని ద్రవమట్టానికి సమంగా పెట్టి, అసలు మట్టం మెడను ఎక్కడ కోస్తుందో అక్కడ చదవాలి. పాలలోంచి చూపు పోదు, కాబట్టి పాల హైడ్రోమీటర్లను పాకిన అంచు పైభాగం దగ్గర చదివేలానే గీస్తారు. ఒకదాని అలవాటు ఇంకోదానికి పనికిరాదు.

పాలకేంద్రంలో తెల్లవారుజామున జరిగే తగువుల్లో సగం ఇలాంటివే. “ఏంది అబ్బాయ్, నిన్న ఇరవై తొమ్మిది వచ్చె గదా, ఇయ్యాల ఇరవై ఆరా?” అని పెద్దావిడ. “ఇప్పుడే పితికి తెచ్చావు గదా పెద్దమ్మా, నురగ దిగనీ, చల్లారనీ” అని అబ్బాయి. అబ్బాయి చెప్పిందాంట్లో రెండు శాస్త్ర విషయాలున్నాయి. పొదుగులోంచి వచ్చిన పాలు 38 డిగ్రీల వేడిగా ఉంటాయి. ఐఎస్‌ఐ లాక్టోమీటరు 27 డిగ్రీలకు గీసింది. డిగ్రీకి సుమారు 0.2 చొప్పున, వేడి వల్లనే రెండు గీతలు తగ్గుతుంది. రెండోది, పితికిన వెంటనే పాలలో గాలి బుడగలుంటాయి, వెన్న ఇంకా ద్రవంగా ఉంటుంది. కొన్ని గంటలు గడిస్తే గాలి పోయి వెన్న గట్టిపడి పాల సాంద్రత దానంతటదే కాస్త పెరుగుతుంది. దీన్ని రెక్‌నాగెల్ ప్రభావం అంటారు. పెద్దావిడ నీళ్లు కలపలేదు, లాక్టోమీటరూ అబద్ధం చెప్పలేదు.

లాక్టోమీటరుకు ఇంతకంటే లోతైన బలహీనత ఒకటుంది. పాలలో వెన్న నీళ్లకంటే తేలిక, 0.93. చక్కెర, మాంసకృత్తులు, లవణాలు నీళ్లకంటే బరువు. ఈ రెండింటి లాగులాటలో మిగిలిందే మనం చదివే అంకె. కాబట్టి మీగడ తీసేస్తే అంకె పెరుగుతుంది, 35 దాకా పోతుంది. నీళ్లు కలిపితే తగ్గుతుంది. రెండూ చేస్తే? అంకె మళ్లీ 29, 30 దగ్గరికి వచ్చి బుద్ధిగా నిలబడుతుంది. బర్రెపాలలో వెన్న ఎక్కువ కదా, తేలికగా ఉండాలి కదా అనుకుంటే అదీ కాదు, మిగతా ఘనపదార్థాలు కూడా ఎక్కువే కాబట్టి ఆవుపాలకంటే కాస్త బరువుగానే తూగుతాయి. ఈ మోసానికి విరుగుడుగానే వెన్న శాతాన్ని వేరే తీసే గెర్బర్ పరీక్ష వచ్చింది. గంధకామ్లంలో పాలు పోసి, సన్నమెడ గాజు సీసాలో తిప్పి, వెన్నను మెడలోకి ఎక్కించి చదువుతారు. ఆ యాసిడ్ సాంద్రత 1.81 దరిదాపుల్లో ఉంటేనే పరీక్ష నిలుస్తుంది, ఆ సంగతి తేల్చడానికి మళ్లీ హైడ్రోమీటరే కావాలి. వెన్న శాతం, లాక్టోమీటరు అంకె రెండూ ఉంటే వెన్న కాని ఘనపదార్థాలెన్నో సూత్రం పెట్టి రాబట్టొచ్చు. వడ్లమూడి సంగం డెయిరీ లాంటి చోట్లకు పాలు పోసే రైతుకు పైకం కట్టేది ఈ రెండంకెల మీదే. ఇప్పుడు చాలా కేంద్రాల్లో ఒక పెట్టెలో పాలు పీల్పిస్తే అంకెలన్నీ తెర మీద పడుతున్నాయి, అయినా పెట్టె చెప్పిన మాట మీద అనుమానం వచ్చినప్పుడు బయటికి తీసేది గాజునే.

బంకులో కూడా కథ ఇదే. పెట్రోలు డిగ్రీ వేడికి ఘనపు మీటరుకు 0.8 నుంచి 0.9 కిలో దాకా తేలికవుతుంది. ట్యాంకరుతో వచ్చే చలానాలో రాసే సాంద్రత 15 డిగ్రీల దగ్గరిది. సత్తెనపల్లిలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు. 15 డిగ్రీల దగ్గర 745 ఉన్న పెట్రోలు అప్పుడు జాడీలో 721 చూపిస్తుంది. తెలియనివాడు చూస్తే కల్తీ అని గోల చేస్తాడు. థర్మామీటరు చదివి పట్టికలో ఆ గడికి పోతే మళ్లీ 745 వస్తుంది. ట్యాంకరు వచ్చినప్పుడు చలానా అంకెకూ ఇక్కడ కొలిచినదానికీ తేడా 3కు లోపు ఉంటేనే దించుకోవాలి. అంత దగ్గరి హద్దు పెట్టగలిగింది ఆ సన్నని మెడ ఉండబట్టే. డీజిల్లో కిరోసిన్ కలిస్తే అంకె తగ్గుతుంది, పెట్రోల్లో కలిస్తే పెరుగుతుంది. కానీ ఇక్కడా తేలికదీ బరువైనదీ జతచేసి కలిపే తెలివైనవాడు అంకెను నిలబెట్టగలడు, పాలలో మీగడ తీసి నీళ్లు పోసినవాడి కిటుకే. సాంద్రత తప్పితే సరుకులో తేడా ఉన్నట్టే. సాంద్రత సరిపోతే సరుకు మంచిదని మాత్రం కాదు. ఈ పరికరం మీద పెట్టుకోకూడని భారం అదొక్కటే, జనం ఎక్కువగా పెట్టేదీ అదే.

ట్రాక్టరు బ్యాటరీల కొట్లో దీని పొట్టి తమ్ముడు ఉంటాడు. రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంలో యాసిడ్ పీలిస్తే లోపలున్న చిన్న తేలే ముక్క లేస్తుంది. 1.25 పైన ఉంటే ఛార్జి నిండుగా ఉన్నట్టు, 1.15కు వస్తే దాదాపు అయిపోయినట్టు. ఛార్జి తగ్గేకొద్దీ ఆమ్లం సీసపు పలకల్లోకి పోయి నీళ్లు మిగులుతాయి కాబట్టి. ఆరు గదుల్లో అయిదు ఒక అంకె చూపించి ఒకటి వెనకబడిందంటే ఆ గది పోయినట్టే, ఏ వోల్టు మీటరూ అంత సూటిగా వేలెత్తి చూపదు. పత్తి విత్తనాల దగ్గర పరికరం కూడా లేదు, ద్రవమే తీర్పు చెబుతుంది: నూగు పోవడానికి గంధకామ్లంతో కడిగిన గింజలను నీళ్లలో వేస్తే తాలు తేలిపోతుంది, గట్టి గింజ మునుగుతుంది. మునిగినదే విత్తనం.

1967లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి కంపించే గొట్టం పరికరం వచ్చాక ప్రయోగశాలల్లో గాజు హైడ్రోమీటరు వెనక్కి తగ్గింది. యూ ఆకారపు సన్నని గొట్టంలో ద్రవం నింపి ఆడిస్తారు, బరువైన ద్రవమైతే నెమ్మదిగా ఊగుతుంది, ఆ వేగం నుంచి సాంద్రత వస్తుంది. కొన్ని చుక్కలు చాలు, మరో రెండు మూడు అంకెలు ఎక్కువ కచ్చితం. గొప్ప పనే. కానీ అది ఎలా చెబుతోందో చూసేవాడికి కనిపించదు. బంకు దగ్గర కొనుగోలుదారూ డీలరూ ఇద్దరూ వంగి ఒకే గీతను చూడగలిగే పరికరానికి ఉన్న విలువ వేరు.

బజారులో చవకగా దొరికే లాక్టోమీటరు గురించి ఒక మాట. దాని మీద అంకెల బదులు పైన నీళ్లకు ‘డబ్ల్యూ’, కింద పాలకు ‘ఎం’, మధ్యలో 3, 2, 1 అని ఉంటాయి. పాలన్నీ ఒకటే అన్న నమ్మకం మీద గీసింది అది. ఆవుకూ బర్రెకూ, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా లేదంటుంది. నీళ్లలో వేసి పైగీత దగ్గర నిలిచిందో లేదో చూడడానికి తప్ప దానితో ఎవరి మీదా నింద వేయకూడదు. డబ్బు పెట్టి కొనేదైతే అంకెలున్నదే కొనాలి, ఏ ఉష్ణోగ్రతకు గీశారో కాగితం మీద రాసి ఉండాలి. మెడను వెలుతురుకు పట్టి కాగితం అంచు వదులైందేమో చూడాలి, భుజం దగ్గర వేలు పోనిచ్చి గుంట ఉందేమో చూడాలి, తలకిందులు చేసి ఆడించి సీసపు గుళ్లు గలగలమంటున్నాయేమో వినాలి. గలగలమంటే అక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఇంటికి తెచ్చాక సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో తొలిచి, ఆ తర్వాత మెడ మీద వేలు పెట్టకుండా ఉంటే చాలు.